లోపలి జేబు

బడి నుంచి చీటీ తెచ్చె భార్గవి.
ఇంగ్లీషులో ఉంటే తనే చదివి చెప్పె:
ముదురు నీలం కోటు. రెండు గుండీలు.
ఎదమీద బడి గుర్తు.
సోమవారం నుంచి కోటు లేకుంటే లోపలికి రానీరు.
కింద సంతకం పెట్టినకాడ
నా వేలికున్న బండల పొడి అంటుకునె.

ఎర్రగుంట్లలో జూన్ నెల.
పాలిష్ మిషన్ కింద నీళ్లు పారతానే ఉంటాయి,
అయినా మధ్యాన్నానికి నాపరాయి మీద
అరికాలు ఆనదు.
ఈ ఎండలో కోటు ఎవురికి తోచిందో,
వాళ్ల గదిలో ఏసీ ఉంటాదిలే అనుకుంటి.

ఆదివారం ప్రొద్దుటూరు బస్సెక్కితిమి.
బడోళ్లు చెప్పిన అంగట్లో రెండువేల ఆరునూర్లు.
నాకది ఆరు దినాల కూలి.
అదే కొలత మగపిల్లోళ్లదైతే రెండువేల రెండునూర్లే.
ఏం నాయనా ఆ నన్నూరు, అంటి.
'ఆడపిల్లలది కటింగు వేరమ్మా' అనె.
తిరగేసి చూస్తి. జేబులు లేవు.
జేబుల మూతలు మాత్రం కుట్టి పెట్టుండారు.
తీసేసినదానికి గూడా దుడ్డేనా అని
నవ్వొచ్చె నాకు. అంగడాయనకు రాలే.

పెద్ద సైజు తీసుకుంటే మూడేండ్లు వస్తాదని తొడిగితి.
చేతులు వేలికొసలు దాటి జారె.
అద్దం ముందర నిలబడి
'మా, నేను యాడుండా దీంట్లో?' అనె పిల్ల.

బజారు వెనక సందులో
పెండ్లికొడుకులకు కోట్లు బాడుగకిచ్చే దుకాణం.
ముసలాయన దస్తగిరి
ఏ కోటుకు ఎన్ని పెండ్లిండ్లో నోటిలెక్క చెప్తాడు.
'ఇది ముప్పై ఒకటి చేసింది, ఇంగ రిటైరు' అని
నీలంది ఒకటి దులిపి మా ముందరేసె.
మూడునూర్ల యాభై.
మెడకాడ పసుపు మరక,
మూలల్లో తలంబ్రాల బియ్యం నాలుగు గింజలు.
ముప్పై ఒక్కమంది చెమట.
అందులో ఒక్కడైనా
రెండో పొద్దు దీన్ని తొడిగుండడు.
మూడునూర్లకు దించితి. ఆ యాభై బస్సుకు.

మా వీధి ఇమాంబి రాత్రికి రాత్రి విప్పె దాన్ని.
భుజాలు కోసె, నడుముకాడ లోపలికి పట్టె.
రెండు గుడ్డల నడుమ బిరుసుగా ఒక అట్ట.
'కోటును నిలబెట్టేది పైగుడ్డ కాదక్కా, ఇదీ'
అని నా చేతికిచ్చె.
గోనెసంచి మాదిరి గరుకు. నా అరచెయ్యి మాదిరి.

'గుండీలు మగోళ్ల వైపుండాయి, మార్చాల్నా?
కాజాలు మూసి మళ్లా కొట్టాల, ఇంకో నూరు.'
ఉండనీలే అనె భార్గవి.
'ఎడమపక్క లోపల జేబుండాది, కుట్టేసేదా?'
వద్దు వద్దు, అని రెండుమార్లు అనె.

సోమవారం గేటుకాడ డ్రిల్లు సారు
పైనుంచి కిందికి చూసినాడంట.
ఈ నీలం కొంచెం వేరే ఉండాదే, అన్నాడంట.
ఎండకు వెలిసింది సార్, అనిందంట ఇది,
కొన్న మర్నాడే.

నాకు ఏ బట్టకూ జేబు లేదు.
దుడ్లు రవికెలో, బీగంచెవి కొంగున,
దాచుకోవాల్సిన మాట ఒకటీ అరా ఉంటే
పండ్ల కింద.

రాత్రి కోటు మేకుకు తగిలిద్దామని
చేతులు మూడుమార్లు కడుక్కొని పట్టుకుంటి.
ఎడమపక్క లోపల ఏందో గట్టిగా తగిలె,
మడిచిన కాయితమో, ఇంకేందో.
'ఏందే ఇది?' అంటి.
పుస్తకంలోంచి తల ఎత్తలే.
'అది లోపలి జేబు మా' అనె.

తగిలించి, దీపం దానివైపు జరిపి,
వచ్చి పండుకుంటి.